గింజ తగలని చిత్రాన్నం

బత్తాయిలో విటమిన్ సి ఎంత ఉంటుందో నన్ను మంచి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వంద గ్రాముల తొనల్లో దాదాపు యాభై మిల్లీగ్రాములు. నిమ్మలోనూ ఇంచుమించు అంతే. పళ్ళు పులిసేంత పుల్లగా ఉంది కదా అని నిమ్మలో ఎక్కువ ఉంటుందనుకుంటారు జనం, అదేం లేదు. చవగ్గా దొరికే జామకాయలో ఈ రెండింటికన్నా నాలుగు రెట్లు ఉంటుంది. పీచు ఎంత, పొటాషియం ఎంత, అన్నీ వరసగా అప్పజెప్పగలను. బెంగుళూరులో ఒకే ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు డైటీషియన్‌గా పనిచేసినదాన్ని, ఇవి రాకపోతేనే ఆశ్చర్యం.

ఇన్ని అంకెలు నోటికి వచ్చి కూడా ఒక మనిషి విషయంలో నేను ఎలా బోర్లా పడ్డానో రాద్దామని కూర్చున్నాను. మొన్న మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఇంటికి వచ్చారు. ఇప్పుడు పళ్ళేన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే చాలట, అందులో ఏముందో అదే చెప్పేస్తుందట. నా ముందున్న ఉప్మాని ఫొటో తీసి చూపించారు. అందులో నేను వేసిన జీడిపప్పుల్ని కూడా లెక్కపెట్టింది. నేను దాన్ని తప్పు పట్టను తల్లీ, నా దగ్గరున్న పోషక విలువల పుస్తకం కూడా తప్పు కాదు అని ఈ కథ చెప్పాను. వాళ్ళు విని, ఇది రాసిపెట్టండి మేడమ్ అన్నారు. కాబట్టి తప్పు వాళ్ళది.

మా ఆసుపత్రి హొసూరు రోడ్డు వైపు ఉండేది. ఇప్పుడంటే బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చింది కానీ, అప్పట్లో ఆ రోడ్డు మీద లారీల మధ్య బస్సులో నిలబడి రావడమే నాకు రోజూ సగం పని. మా రోగుల్లో ఎక్కువమంది ఫ్యాక్టరీ మనుషులు. ఇటు కదిరి, మదనపల్లి, అటు తమిళనాడు ధర్మపురి, ఇంకా ఒరిస్సా, బీహారు. నాది ఒంగోలు వైపు. నర్సుల్లో సగం మంది మా వైపు క్రైస్తవుల పిల్లలే కావడంతో వార్డులో నాకు తెలుగుకి కొరత ఉండేది కాదు. వాళ్ళు నాకు వెనకాల పెట్టిన పేరు ఉప్పు మేడమ్. బీపీ వాళ్ళ పళ్ళెంలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే వంటింటిదాకా వెళ్ళి గొడవ పెట్టుకునేదాన్ని. పేరు నా చెవిన పడింది. నాకు నచ్చింది కూడా.

ఆ గొడవలన్నీ మా వంట మాస్టరుతోనే. ఆయన బెంగుళూరు తెలుగువాడు. తాతలనాడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన తెలుగులో కన్నడం ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియదు. నా తెలుగు విని, "మీరు మాట్లాడతా ఉంటే రేడియోలో వార్తలు విన్నట్ల ఉండాదమ్మా" అనేవాడు. నేను మెనూ రాసి పంపేదాన్ని, ఆయన దాన్ని పొయ్యి పక్కన మేకుకి గుచ్చేవాడు. మెనూ ప్రకారం వంట జరుగుతుందని నేను, చార్టు మేకుకి ఉంటే మేడమ్ గొడవ చెయ్యదని ఆయన, ఇద్దరం ఇరవై ఏళ్ళు నిశ్చింతగా బతికాం.

ఇక ఆ రోగి సంగతి. బొమ్మసంద్రలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. నలభై ఐదేళ్ళుంటాయి. కదిరి దగ్గర పల్లె. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఊళ్ళోనే. పిల్లల్ని బడి మార్పించడం ఇష్టంలేక తను హెబ్బగోడిలో ఒక గది తీసుకుని పదమూడేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నాడు. కాళ్ళు వాచి, పిక్కల మీద నల్లటి మచ్చలు తేలి, నడవలేక చేరాడు. చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి వచ్చాయి, పలకరిస్తే చాలు రక్తం. అందుకని ఎప్పుడూ ఒక తెల్ల తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఆ తువ్వాలు మీద ఎర్రటి మరకలు చూసి పక్క మంచాలవాళ్ళు తల తిప్పుకునేవారు.

చేరిన మర్నాడు నేను ఫారం పట్టుకుని వెళ్ళాను. రోగి ఇంటి దగ్గర ఏం తింటాడో రాసుకునే ఫారం అది. రెండు పేజీలు, అన్నీ గళ్ళు, టిక్కులు. ఒక్కొక్కరికి పావుగంట పట్టాలి. నేను ఆరు నిమిషాల్లో ముగించేదాన్ని, అదొక గర్వం నాకు.

"పొద్దున ఏం తింటావయ్యా?"

"చిత్రాన్నం మేడం. ఫ్యాక్టరీ ముందర మెస్సుండాది. దినామూ అదే."

"మధ్యాహ్నం?"

"బన్ను, టీ."

"రాత్రి?"

"మెస్సులోనే. అన్నం, సాంబారు."

"పళ్ళు?"

ఆయన తువ్వాలు తియ్యకుండానే కళ్ళతో పక్కనున్న బల్ల చూపించాడు. ఫ్యాక్టరీ వాళ్ళు తెచ్చిన బత్తాయిలు, ఇక్కడి వాళ్ళు మోసంబి అంటారు, రెండు కవర్ల నిండా ఉన్నాయి. ఆసుపత్రికి ఉత్త చేతులతో రాకూడదు కదా. మన దేశంలో రోగికి ఏ జబ్బు చేసినా బత్తాయిలే వస్తాయి.

"నిమ్మకాయ వాడతావా?"

"నిమ్మకాయ లేకుండా దినమే లేదు మేడం. చిత్రాన్నమే గదా."

పుల్లటి పళ్ళు, రోజూ, అన్న గడిలో టిక్కు పెట్టాను. నోరు పుండుగా ఉంది కాబట్టి మెత్తటి ఆహారం రాశాను. ఇడ్లీ, పొంగలి, గంజి, పప్పన్నం, పొద్దున మా వైపు నిమ్మకాయ పులిహోర అనే చిత్రాన్నం. చిత్రాన్నం పక్కన, విటమిన్ సి కోసం, అని కూడా రాశాను. కింద సంతకం పెట్టాను. నా సంతకం చాలా బాగుంటుంది.

పది రోజులు గడిచాయి. మనిషి పీక్కుపోయాడు. మాకు ఒక పెద్ద డాక్టరుగారు ఉండేవారు, హైదరాబాదు ఆయన, చాలా జాగ్రత్తైన మనిషి. రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ చేయించారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రక్తం మాత్రం బాగా తగ్గిపోయింది. చిగుళ్ళు అలా ఉబ్బడం, ఒంటి మీద మచ్చలు, నీరసం, ఇవన్నీ కలిపి చూస్తే బ్లడ్ క్యాన్సర్ కూడా అయి ఉండొచ్చని ఆయన అనుమానం. సోమవారం ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేద్దామన్నారు. రౌండ్లో ఈ మాట ఇంగ్లీషులోనే అనుకున్నారు. క్యాన్సర్ అన్న మాట ఏ భాషలో అన్నా ఒకటే అని మా డాక్టర్లకి ఎప్పటికి తెలుస్తుందో.

శుక్రవారం సాయంత్రం నేను వార్డులోంచి వెళ్తుంటే ఆ రోగి చెయ్యెత్తి పిలిచాడు.

"మేడం, నేను రేపు పొద్దున ఊరికి పోతాండా. మా ఆడమనిషికి ఫోన్ చేసినా, వస్తాది. సంతకం పెట్టి పోతా."

"సోమవారం పరీక్ష ఉంది కదయ్యా. అప్పటిదాకా ఉండు."

"పరీక్ష చేసి ఏం చెప్తారు? నాకు అర్థమైంది మేడం. పోయేదేదో నా బిడ్డల దగ్గర పోతా. ఈడ ఈ ఊర్లో, ఎవురూ లేకుండా, వద్దు."

నేను ధైర్యం చెప్పాల్సింది. దుప్పటి సర్ది వచ్చేశాను. బస్సులో ఇంటికి వస్తూ, నలభై ఐదేళ్ళ మనిషికి రోజూ ముద్దపెట్టి కూడా ఒక పూట తేరుకోనివ్వలేకపోయానే అని బాధపడ్డాను. ఆ బాధ పడ్డది నిజమే. కానీ అందులో నా తప్పుందన్న ఆలోచన మాత్రం పొరపాటున కూడా రాలేదు.

శనివారం పొద్దున ఏడింటికి వంటింట్లోకి వెళ్ళాను. ముందురోజు బీపీ పళ్ళేల్లో సాంబారు ఉప్పగా ఉందని నర్సులు చెప్పారు, దానికోసం. మాస్టరు పెద్ద గంగాళంలో చిత్రాన్నం కలుపుతున్నాడు. పసుపు, ఆవాలు, శనగపప్పు పోపు, వేరుశనగ పలుకులు. చూస్తూ ఉండగానే స్టీలు డబ్బాలోంచి ఒక గరిటెడు తెల్లటి పలుకులు తీసి అన్నం మీద చల్లాడు.

"మాస్టరూ, ఆగండి. ఇందాకే ఉప్పు వేశారుగా. మళ్ళీ ఎంత వేస్తారు?"

"ఉప్పు కాదమ్మా ఇది."

"నాకు కళ్ళు లేవా?"

ఆయన డబ్బా నా ముందుకు తోశాడు. "నోట్లో వేసి చూడండి."

వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. నిమ్మ ఉప్పు. కొట్లో పొట్లాల్లో అమ్మే పులుపు పలుకులు.

"మరి నిమ్మకాయలు?"

"ఏం నిమ్మకాయలు?"

"చిత్రాన్నంలో నిమ్మకాయలు పిండరా?"

ఆయన నా వంక చూశాడు. ఎదురుగా ఉన్నది ఉప్పు మేడమేనా అని అనుమానం వచ్చినట్టుంది.

"అమ్మా, మూడు వందల మందికి చిత్రాన్నం. వేడన్నంలో పిండితే చేదెక్కుతాది. ఎండాకాలం నిమ్మకాయ దొరికేదే కష్టం. ఇదైతే సాయంకాలం దాకా పులుపు నిలుస్తాది. ఇరవై ఏండ్లుగా ఇదే వేస్తా ఉండాను. మీరూ దినామూ రుచి చూస్తా ఉండారు గదా. ఒక్క దినమన్నా పంటి కింద గింజ తగిలిందా అప్పా? గింజ తగలని చిత్రాన్నంలో నిమ్మకాయ యాడ ఉండాది?"

ఇరవై ఏళ్ళుగా వంటకం పక్కన, విటమిన్ సి కోసం, అని రాసి, ఎంత అందుతోందో పుస్తకం చూసి లెక్కకట్టి, ప్రతి సంవత్సరం తనిఖీకి వచ్చినవాళ్ళకి గర్వంగా చూపించాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన దొంగ కూడా కాదు పాపం, డబ్బా మూత తీసే ఉండేది.

"మన దగ్గరే కాదమ్మా," అన్నాడాయన, నా ముఖం చూసి కొంచెం మెత్తబడి. "మెస్సుల్లో అంతా ఇంతే. నేను ఈడికి రాకముందు హెబ్బగోడి మెస్సులో ఉంటి. ఆడ నిమ్మకాయ గుమ్మానికి కట్టేదానికి మాత్రమే."

హెబ్బగోడి అనగానే అక్కడే గది తీసుకుని ఉంటున్న ఆ రోగి నాతో అన్న మాట గుర్తొచ్చింది. నిమ్మకాయ లేకుండా దినమే లేదు మేడం.

ఇక్కడ చిన్న పాఠం చెప్పాలి, విసుక్కోకండి. పులుపు వేరు, విటమిన్ సి వేరు. నిమ్మకాయలో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి మనం ఒకటే అనుకుంటాం. నిమ్మ ఉప్పులో పులుపు మాత్రమే ఉంటుంది, విటమిన్ చుక్క ఉండదు. మనిషి ఒంటికి ఈ విటమిన్ నిలవ చేసుకునే గుణం తక్కువ. కొన్ని నెలలపాటు అసలే అందకపోతే చిన్న చిన్న రక్తనాళాల గోడలు పాడైపోతాయి. చిగుళ్ళు ఉబ్బుతాయి, రక్తం కారుతుంది, చర్మం కింద మచ్చలు తేలతాయి, కాళ్ళు వాస్తాయి. స్కర్వీ అంటారు. కాలేజీలో చదువుకున్నాం, నెలల తరబడి సముద్రం మీద ఉండే పడవలవాళ్ళకి వచ్చేదని. నేను అప్పటిదాకా ఒక్కటి కూడా చూడలేదు. చూడలేదో, చూసి గుర్తుపట్టలేదో, ఇప్పుడు చెప్పలేను.

నా మోకాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు నమ్మరు కానీ, లిఫ్టు కోసం ఆగకుండా రెండంతస్తులు ఎక్కాను.

వార్డులో ఆ రోగి చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. సంచి సర్దేసి ఉంది. పక్కన ఆయన భార్య. అర్ధరాత్రి కదిరిలో బయల్దేరి వచ్చిందట, ముఖం కూడా కడుక్కున్నట్టు లేదు. ఇంటికి పంపే కాగితం నర్సు తెస్తుందని ఎదురుచూస్తున్నారు.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఈసారి ఫారం తీసుకెళ్ళలేదు.

"అయ్యా, నిన్ను ఒక్కటి అడుగుతాను. ఈ బత్తాయిలు ఒక్కటన్నా తిన్నావా?"

భార్య వంగి మంచం కిందికి చూసింది. అక్కడ ఇంకో మూడు కవర్లున్నాయి. కొన్ని వడలిపోయాయి, ఒకటి బూజు పట్టింది.

"నేను పండ్లు తినను మేడం," అన్నాడు తువ్వాలు చాటునుంచి. "గ్యాస్ ఉండాది. రెండేండ్ల కింద రూము దగ్గర సూదులేసే డాక్టరు చెప్పినాడు. పచ్చివేవీ తినొద్దు, పండ్లు, టమాటా, ఆకుకూర ఏదీ వద్దు, బన్ను, అన్నం తింటే కడుపు చల్లగా ఉంటాదని. అప్పట్నుంచి ముట్టుకోలే."

"మరి ఆ రోజు నేను అడిగితే బల్ల చూపించావే?"

"పండ్లు ఉండాయా అని అడిగినారనుకుంటి మేడం. ఉండాయి గదా."

ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన తీరుకి తగ్గ జవాబే చెప్పాడు. పదిరోజులుగా వార్డులోకి వచ్చిన ప్రతిసారీ ఆ పళ్ళ కవర్లు చూశాను. తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అని ఒక్కరోజు చూసి ఉంటే సరిపోయేది.

"మెస్సులో సాంబారు ముక్కలు తింటావా? మిరపకాయలు?"

"తీసి పక్కన పెడతా. బీడీ మాత్రం తాగుతా మేడం. ఆయప్ప అది వద్దని చెప్పలే."

ఆయన భార్య ఒక్కసారి నుదురు కొట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు. నేను ఇప్పుడే వస్తాను," అని డాక్టరుగారి గదికి వెళ్ళాను. దారిలో ఒక ఆలోచన వచ్చింది, దాచుకోకుండా చెబుతాను. కేసు షీట్లో నా ఫారం ఉంది. అందులో పుల్లటి పళ్ళు, రోజూ, అన్న టిక్కు ఉంది. దాన్ని ఇప్పుడు తీసి కొత్త ఫారం పెడితే ఎవరికీ తెలియదు. డాక్టరుగారి దగ్గర, నాకొక అనుమానం వచ్చిందండీ, అని తెలివైనదానిలా నిలబడొచ్చు. నాలుగు అడుగులు వేసేంతసేపు ఆ ఆలోచన నాతోనే నడిచింది. కానీ ఆ కాగితం నమ్మే కదా ఆయన క్యాన్సర్ దాకా వెళ్ళారు. అది అలాగే చూపించకపోతే నా మాట ఆయన ఎందుకు వింటారు?

"మేడమ్, స్కర్వీనా?" అన్నారు డాక్టరుగారు. "ఇది బెంగుళూరు. సముద్రం మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉంది. డైట్ హిస్టరీ నార్మల్ అని మీరే రాశారు కదా, సిట్రస్ డెయిలీ అని."

"తప్పు రాశానండీ."

ఆయన తలెత్తారు. అన్నేళ్ళలో ఆ మాట నా నోట ఆయన వినలేదు. నేనూ వినలేదు. నిమ్మ ఉప్పు సంగతి, మెస్సు సంగతి, మంచం కింద పళ్ళ సంగతి, మేము కూడా పది రోజులుగా అదే చిత్రాన్నం పెట్టిన సంగతి మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కమాట అడ్డుపడకుండా విన్నారు. పెన్ను బల్ల మీద పెట్టి లేచారు.

వార్డులో ఆయన రోగి పంచె మోకాలిదాకా పైకి జరిపి, ఫోన్ లైటు వేసి, భూతద్దం పెట్టి పిక్కలు చూశారు. ఒక్కొక్క వెంట్రుక మొదట్లో సూది మొనంత ఎర్రటి చుక్క. వెంట్రుకలు నిటారుగా లేవు, స్ప్రింగులా మెలి తిరిగి ఉన్నాయి. స్కర్వీ గుర్తులవి. చాలాసేపు చూశారు.

"పది రోజులుగా ఈ కాళ్ళే చూస్తున్నాను మేడమ్," అన్నారు నెమ్మదిగా. "వాపు చూశాను. మచ్చలు చూశాను."

రక్తంలో విటమిన్ ఎంత ఉందో పరీక్షకి పంపారు. దాని ఫలితం రావడానికి వారం పడుతుంది. ఈలోపు విటమిన్ సి మాత్రలు ఇచ్చి చూద్దాం, అదే జబ్బయితే మూడు నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది, సోమవారం మూలుగ పరీక్ష అప్పటిదాకా ఆపుదాం అన్నారు. మాకు సంతోషమే. రోగికి కాదు.

"మాత్రలా?" అన్నాడాయన. "క్యాన్సర్‌కి మాత్రలిచ్చి ఉండమంటారా సార్? నన్ను పోనీండి. మీరు మంచోళ్ళే. నా బిడ్డల్ని చూసుకోవాల నేను."

డాక్టరుగారు ఇంగ్లీషు కలిపి ఏదో వివరించబోయారు. నేను ఆపి, ఆ మంచం అంచు మీద కూర్చున్నాను.

"అయ్యా, నేను నీ దగ్గర తప్పు చేశాను. సరిగ్గా అడగలేదు. నీకు నెలల తరబడి ఒంటికి కావాల్సింది ఒకటి అందలేదు, ఇక్కడికి వచ్చాక కూడా మేము పెట్టలేదు. నాకు మూడు రోజులివ్వు. మూడోరోజుకి నీ చిగుళ్ళు కొంచెమన్నా నెమ్మదించకపోతే నేనే ఆటో పిలిచి బస్టాండులో దింపుతాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మాట్లాడింది ఆయన భార్య. అంతవరకూ ఆమె గొంతు వినలేదు నేను.

"పదమూడేండ్లు ఈ ఊర్లో ఉంటివి గదా. నేను రమ్మన్నప్పుడు యానాడన్నా వస్తివా? ఇంకా మూడు దినాలు ఉండలేవా? ఆయమ్మ తప్పు చేసినానని చెప్తాంది. డాక్టర్లు ఎవురన్నా అట్ల చెప్తారా? ఉండు."

నేను డాక్టర్ని కాదమ్మా అనబోయి ఊరుకున్నాను. ఆయన చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

బల్ల మీది బత్తాయి ఒకటి తీసి వంటింటికి పంపాను. మాస్టరు తనే పిండి, వడగట్టి, స్టీలు గ్లాసులో తెచ్చాడు. వార్డులోకి ఆయన రావడం అదే మొదటిసారి. చిగుళ్ళకి తగిలితే మండుతుందని రోగి భయపడితే, స్ట్రా పెట్టి నాలుక మీదికి పోయేలా తాగించింది భార్య. మొదటి గుక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. గ్లాసు ఖాళీ చేసేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

మర్నాడు ఆదివారం. చర్చిలో కూర్చున్నాను కానీ పాస్టరుగారు ఏ అధ్యాయం చెప్పారో అడిగితే చెప్పలేను. స్కర్వీ కాకపోతే? ఆ మనిషిని ఇంటికి పోనివ్వకుండా ఆపింది నేనే. నిజంగానే క్యాన్సరయితే ఆ మూడు రోజులు ఆయన పిల్లల దగ్గర ఉండాల్సినవి. పాట పాడే వేళకి లేచి నిలబడడం మర్చిపోయాను, పక్కావిడ మోచేత్తో పొడిచింది. దేవుడితో ఆ రోజు నేను మాట్లాడింది ఒక్కటే విషయం, ఆ మనిషి చిగుళ్ళ గురించి. ఆయనకి కూడా ఇలాంటి ప్రార్థన కొత్తదే అయి ఉంటుంది.

సోమవారం కాళ్ళ బరువు కొంచెం తగ్గినట్టుందన్నాడు. నన్ను సంతోషపెట్టడానికి అంటున్నాడేమోనని నేను నమ్మలేదు. మంగళవారం పొద్దున వార్డులోకి వెళ్ళేసరికి ఆయన భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో ఉన్న తువ్వాలు విప్పి నా ముందు పట్టుకుంది. రాత్రంతా ఆయన నోటి దగ్గర పెట్టుకుని పడుకున్న తువ్వాలు. ఒక్క మూల చిన్న మరక, మిగతా అంతా తెలుపు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి.

వారం తర్వాత రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. విటమిన్ సి దాదాపు లేదు. మూలుగ పరీక్ష అవసరం రాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం మేడమ్ అన్నారు డాక్టరుగారు. బత్తాయి ఒక్కటే బతికించింది అని చెబితే అబద్ధమవుతుంది, అంత తొందరగా పని చేసింది మాత్రలే. కానీ మాత్రలు అయిపోయాక బతుకంతా కాపాడాల్సింది పళ్ళెమే కదా. రోజుకొక బత్తాయో, సగం జామకాయో, అదీ లేకపోతే అన్నంలో పచ్చిగా పిండిన నిమ్మచెక్కో చాలని ఆయనకి నాలుగు రకాలుగా చెప్పాను. బీడీ సంగతి భార్యకి అప్పజెప్పాను.

వంటింట్లో నాకూ మాస్టరుకీ ఒప్పందం కుదిరింది. నిమ్మ ఉప్పు డబ్బా పోయింది. అన్నం చల్లారాక, వడ్డించే ముందు నిమ్మకాయ పిండాలి. ఆయన మొదట సణిగాడు. "మూడు వందల మందికి గింజలు తీస్తా కూర్చుంటే నాకు వేరే పని ఉండదమ్మా" అన్నాడు. తీయొద్దన్నాను. తగలనివ్వండి, అప్పుడే నాకు తెలుస్తుంది అన్నాను. మెనూ చార్టు మీద, విటమిన్ సి కోసం, అన్న మాట కొట్టేసి, నిమ్మకాయలు ఎన్ని అని రాశాను. ఫారంలో ప్రతి గడి పక్కనా రెండు చిన్న గీతలు కొత్తగా గీయించాను. ఎవరు వండుతారు, ఎలా వండుతారు అని. ఫారం ముగించడానికి అప్పట్నుంచి నాకు ఇరవై నిమిషాలు పట్టేది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు, మేడమ్‌కి వయసైపోయింది అనుకునేవాళ్ళు.

రెండు నెలలకి ఆయన మళ్ళీ చూపించుకోవడానికి వచ్చాడు. నడిచే వచ్చాడు. వెంట భార్య. పిల్లల్ని తన తల్లి దగ్గర ఉంచి, హెబ్బగోడిలో ఆ గదిలోనే ఉంటోందట, బడి సెలవులు రాగానే పిల్లల్నీ తెచ్చేస్తామన్నారు. ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది.

"చిత్రాన్నం మేడం. మీకని చేసినా."

నేను వంటింటికి ఫోన్ చేసి మాస్టర్ని రమ్మన్నాను. ఈ విషయంలో తీర్పు చెప్పాల్సింది ఆయనే. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిలబడే ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు. మేం ముగ్గురం ఆయన దవడ వంకే చూస్తున్నాం. నమలడం ఆపి, నోట్లోంచి ఒక నిమ్మగింజ తీసి డబ్బా మూత మీద పెట్టాడు.

"ఉండాది," అన్నాడు.

రోగి గట్టిగా నవ్వాడు. నోటికి అడ్డం ఏమీ పెట్టుకోలేదు. పళ్ళన్నీ కనబడ్డాయి, వాటి పైన గులాబీ రంగు చిగుళ్ళు కనబడ్డాయి. ఆ మనిషి ముఖం కింది సగం నేను సరిగ్గా చూడడం అదే మొదటిసారి.

నేనూ ఒక ముద్ద తిన్నాను. తర్వాత కొత్త ఫారం తీసి, పుల్లటి పళ్ళు, రోజూ, అన్న గడిలో టిక్కు పెట్టాను. ఈసారి తిని చూసి పెట్టాను.